నెలలు నిండకుండా పుట్టిన బాబు పళ్లు: ఆలస్యం కన్నా ఎనామెల్ గురించి ఆలోచించండి

మీరు రాసినదాంట్లో ముఖ్యమైనవి ముందుగా చెప్పుకుందాం. బాబు 28 వారాలకే, 1,100 గ్రాముల బరువుతో పుట్టాడు. కొన్ని వారాలు నోట్లో గొట్టంతో వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఇప్పుడు 14 నెలలు. కింద రెండు పళ్లు వచ్చాయి, పైన ఎడమవైపు ముందు పన్ను ఇప్పుడే బయటపడుతోంది. దాని మీద పసుపు, గోధుమ రంగు కలిసిన గరుకు మచ్చ, చిన్న గుంట కనిపిస్తున్నాయి. అంగిలి మధ్యలో లోతైన గాడి ఉంది. బ్రష్ నోటి దగ్గరికి తెస్తే తల తిప్పేసుకుని ఏడుస్తాడు. పళ్లు ఆలస్యంగా వస్తున్నాయా, ఆ మచ్చ పుచ్చేనా, శాశ్వత దంతాలు కూడా ఇలాగే ఉంటాయా, ఇందులో నా తప్పేమైనా ఉందా అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా పిల్లల దంతవైద్యం చేస్తున్నాను. నవజాత శిశువుల ఐసీయూ నుంచి ఇంటికి వెళ్లిన పిల్లలు నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. వాళ్ల తల్లిదండ్రుల్లో చాలామంది మొదట అడిగేది పళ్ల ఆలస్యం గురించే. నిజానికి తక్కువ బాధపడాల్సిన విషయం అదే. మీరు ఆఖరున, దాదాపు మాటవరసకు ప్రస్తావించిన ఆ గరుకు మచ్చే అసలు విషయం.

ఆలస్యం సంగతి ముందు తేల్చేద్దాం. బాబు దాదాపు 12 వారాలు ముందుగా పుట్టాడు కాబట్టి 14 నెలల్లోంచి మూడు నెలలు తీసేయండి. పళ్ల లెక్కకు అతని వయసు 11 నెలలు. పైముందు పళ్లు సాధారణంగా 8 నుంచి 12 నెలల మధ్య వస్తాయి. అంటే మీ బాబు సరిగ్గా తన వేళకే ఉన్నాడు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పళ్లు ఆలస్యంగా వచ్చినట్టు కనిపించడానికి చాలావరకు కారణం మనం వయసును పుట్టినరోజు నుంచి లెక్కపెట్టడమే. పుట్టవలసిన తేదీ నుంచి లెక్కిస్తే తేడా చాలావరకు మాయమవుతుంది. ఎక్కువ కాలం వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు, నోటి ద్వారా పాలు తాగడం బాగా ఆలస్యమైనవాళ్లకు, బరువు సరిగా పెరగనివాళ్లకు ఇంకొన్ని నెలలు పట్టవచ్చు. ఇలా సరిచేసిన వయసు 15 నెలలు దాటినా ఒక్క పన్నూ రాకపోతే అప్పుడు చూపించాలి. పక్కింటి పిల్లాడి పళ్లతో పోల్చి చూడటం మానేయండి, దానివల్ల మనశ్శాంతి పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఇక ఎనామెల్, అంటే పంటిని కప్పి ఉంచే గట్టి పై పొర. పాలపళ్లు పుట్టిన తర్వాత తయారవుతాయని చాలామంది అనుకుంటారు. వాటి మొలకలు గర్భంలో ఆరో వారం నాటికే మొదలవుతాయి. దాదాపు 14వ వారం నుంచి ముందు పళ్లలో ఖనిజం చేరడం మొదలై, 20వ వారం వచ్చేసరికి పాలపళ్లన్నింటిలోనూ ఆ పని సాగుతుంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు పుట్టేనాటికే పై మధ్య ముందు పన్ను ఎనామెల్ సుమారు ఆరింట అయిదు వంతులు సిద్ధమై ఉంటుంది. మిగతాది మరో నెలన్నరలో పూర్తవుతుంది. కోరపళ్లకు దాదాపు తొమ్మిది నెలలు, వెనక దవడ పాలపళ్లకు 11 నెలలు పడుతుంది.

మీ బాబు 28 వారాలకు బయటికి వచ్చినప్పుడు ఈ పని మధ్యలో ఉంది. పైగా బిడ్డ శరీరంలో చేరే కాల్షియం, ఫాస్ఫరస్‌లలో సుమారు 80 శాతం గర్భం చివరి మూడు నెలల్లోనే మాయ ద్వారా అందుతాయి. ఆ మూడు నెలలూ బాబు ఐసీయూలో గడిపాడు. సెలైన్ ద్వారా, గొట్టం ద్వారా వైద్యులు ఎంత జాగ్రత్తగా ఇచ్చినా మాయ ఇచ్చినంత ఇవ్వడం కష్టం. అందుకే ఇలాంటి పిల్లల్లో కొందరికి ఎముకలు కూడా పలుచబడతాయి. దానికి తోడు ఊపిరి ఇబ్బందులు, ఇన్ఫెక్షన్లు, కామెర్లు. ఎనామెల్‌ను తయారుచేసే కణాలు ఇలాంటి ఒత్తిళ్లను అసలు తట్టుకోలేవు. పన్ను బయటికి వచ్చేసరికి ఆ కణాలు నశించిపోతాయి కాబట్టి, ఆ రోజుల్లో జరిగిన లోపాన్ని ఎనామెల్ తనంతట తాను పూడ్చుకోలేదు. చర్మానికి గాయమైతే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామెల్‌కు ఆ వెసులుబాటు లేదు. (నిజానికి పుట్టిన రోజు కూడా పాలపళ్ల మీద నమోదై ఉంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే పుట్టుకకు ముందు, తర్వాత ఏర్పడిన ఎనామెల్ మధ్య ఒక సన్నని గీత కనిపిస్తుంది. నెలలు నిండని పిల్లల్లో ఆ గీత కొంచెం వేరే చోట ఉంటుంది.)

ఎనామెల్ లోపాలు రెండు రకాలు. ఒకటి, మందం తక్కువై గుంటలు, గాళ్లు పడటం. రెండోది, మందం సరిగానే ఉన్నా ఖనిజం తక్కువై తెల్లగా, మీగడ రంగులో, పసుపుగా మచ్చలు పడటం. మీరు చెప్పిన గరుకుతనం, గుంట చూస్తే మొదటి రకం అనిపిస్తోంది. అది పుచ్చు కాకపోవచ్చు. పన్ను బయటపడుతూనే మచ్చ ఉందంటే అది లోపలే ఏర్పడినదని దాదాపుగా అర్థం. పుచ్చు పట్టడానికి ఆ పన్ను నోట్లో కొంతకాలం ఉండాలి. కానీ ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఈ రెంటికీ మధ్య దూరం చాలా తక్కువ. గరుకుగా, పలుచగా ఉన్న చోట సూక్ష్మజీవులు తేలిగ్గా అంటుకుంటాయి, ఆమ్లం త్వరగా లోపలికి దిగుతుంది. ఈరోజు పుచ్చు కాని ఆ గుంట ఆరు నెలల్లో పుచ్చుగా మారవచ్చు. ‘ఎలాగూ ఊడిపోయే పాలపళ్లే కదా’ అనే మాట ఎవరన్నా దయచేసి వినకండి. ఆ మాట వల్ల వాపుతో, నిద్రలేని రాత్రులతో వచ్చిన రెండేళ్ల పిల్లలను నేను చాలామందిని చూశాను.

ఎడమవైపు పన్నుకే ఎందుకు వచ్చింది? మీ ప్రశ్నలో నా దృష్టిని వెంటనే ఆకర్షించింది ఆ మాటే. గొట్టం వేయడానికి వైద్యులు లారింజోస్కోప్ అనే పరికరాన్ని ఎడమ చేత్తో పట్టుకుని, నాలుకను ఎడమవైపుకు నెడుతూ గొంతులోకి చూస్తారు. అంత చిన్న నోట్లో దాని అంచు పైచిగురు మీద ఆనే అవకాశం ఉంది. ఆ చిగురు కిందే, కొద్ది మిల్లీమీటర్ల లోతులో, ఇంకా గట్టిపడని పంటి మొలక ఉంటుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన కిమ్ సియో, ఆమె సహచరులు 1980లలోనే ఈ సంగతిని గమనించి రాశారు. గొట్టం వేసిన పిల్లల్లో పైదవడ ఎడమ ముందు పళ్ల మీద లోపాలు ఎక్కువగా కనిపించాయి. శరీరమంతటికీ సంబంధించిన కారణమైతే ఒకే కాలంలో తయారైన పళ్ల మీద రెండువైపులా ఒకేలా మచ్చలు రావాలి. ఒక్క పన్ను మీదే ఉంటే ఒత్తిడిని అనుమానించాలి. కుడి పక్క పన్ను వచ్చాక పోల్చి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఆ గొట్టం వేసినవాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. బాబు ఊపిరి నిలబెట్టిన ప్రక్రియ అది, నిమిషాల్లో జరగాలి. పంటి మీద ఒక గుంట దానికి చెల్లించిన చిన్న మూల్యం. దాన్ని చూసుకోవడం మన చేతుల్లో ఉంది.

యాంటీబయాటిక్స్ వల్లనా అని కూడా అడిగారు. పళ్లకు రంగు పట్టించేవి టెట్రాసైక్లిన్ జాతి మందులు. నవజాత శిశువులకు మామూలుగా ఇచ్చే ఆంపిసిలిన్, జెంటామైసిన్‌లు అలా చేయవు. ఐరన్ చుక్కల వల్ల నల్లటి మరకలు పడతాయి. అవి పైపైనే ఉంటాయి, దంతవైద్యులు పాలిష్ చేస్తే పోతాయి. ఆ భయంతో ఐరన్ ఆపకండి, డ్రాపర్‌ను బుగ్గ లోపలికి వెనక్కి పెట్టి వేసి, తర్వాత పళ్లు తుడవండి. తీవ్రమైన కామెర్లు చాలాకాలం ఉన్న కొందరు పిల్లలకు పాలపళ్లు ఆకుపచ్చ ఛాయతో వస్తాయి. అది లోపలి రంగు, తుడిస్తే పోదు. మీరు చెప్పింది ఈ రెండూ కాదు.

ఇప్పుడు చేయాల్సినది. రోజుకు రెండుసార్లు, 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్ట్, బియ్యపు గింజంత. అంతకన్నా ఎక్కువ వద్దు, అసలు మానేయడమూ వద్దు. ఈ వయసు పిల్లలు ఉమ్మలేరు కాబట్టి పేస్ట్ వాడకూడదనే సలహా మీకు ఇంకా వినిపిస్తుంటుంది. గింజంత పేస్ట్‌ను మింగినా ఫరవాలేదని లెక్క చూసే ఆ పరిమాణం పెట్టారు. మూడేళ్లు దాటాక బఠాణీ గింజంత వాడవచ్చు. మీరు తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని తెలిస్తే మాత్రం దంతవైద్యుడికి చెప్పండి. రాత్రి తోమాక ఇంకేమీ తినిపించకపోతే పేస్ట్ ఎక్కువసేపు పని చేస్తుంది. దీనితోపాటు మూడు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ పూయించండి. నిమిషం పని, నొప్పి ఉండదు. గుంట లోతుగా ఉంటే గ్లాస్ అయనోమర్ అనే పదార్థంతో కప్పవచ్చు, దాన్నుంచి కూడా కొంత ఫ్లోరైడ్ విడుదలవుతుంది. పుచ్చు మొదలైతే సిల్వర్ డైఅమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవం ఉంది. డ్రిల్లింగ్ లేకుండా పుచ్చును అక్కడికక్కడ ఆపుతుంది, కానీ ఆ చోటు శాశ్వతంగా నల్లబడుతుంది. ముందు పన్ను కాబట్టి ఆ నలుపు మీకు సమ్మతమో కాదో ముందే ఆలోచించుకోండి. నేనైతే మత్తు ఇచ్చి చేసే చికిత్స కన్నా నల్ల మచ్చనే ఎంచుకోమంటాను. ఎందుకంటే ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్న పిల్లలకు పూర్తి మత్తు ఇవ్వడం తేలికైన నిర్ణయం కాదు. తప్పనిసరైతే పిల్లల మత్తువైద్యులున్న పెద్ద ఆసుపత్రిలోనే చేయించాలి.

కానీ ఇవన్నీ చెప్పడం తేలిక. బాబు నోరు తెరిస్తే కదా! దీని గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే మీలాంటి తల్లులు ఎక్కువగా ఓడిపోయామని బాధపడేది ఇక్కడే.

చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఈ మూడింటినీ కలిపి చేయగల నేర్పు బిడ్డకు 32 నుంచి 34 వారాల వరకు కుదరదు. మీ బాబు ఆ నేర్పు వచ్చేలోపే పుట్టాడు. అప్పటికే నోట్లోకి వెళ్లినవి ఏమిటి? గొట్టం, సక్షన్ పైపు, ముక్కులోంచి పాల గొట్టం, వాటిని అంటించిన టేపు. ఇతర పిల్లలకు నోరంటే పాలు, అమ్మ వేలు, బొమ్మ. మీ బాబుకు నోటి దగ్గరికి ఏదైనా వచ్చిందంటే నొప్పి వస్తుందని శరీరం నేర్చుకుంది. ఇప్పుడు తల తిప్పేసుకోవడం మొండితనం కాదు, మీ పెంపకంలో లోపం అంతకన్నా కాదు. చేతులు, కాళ్లు పట్టుకుని బలవంతంగా తోమమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను దాన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. ఆ పాత పాఠాన్నే మళ్లీ నేర్పినట్టవుతుంది.

బ్రష్‌తో మొదలుపెట్టకండి. పాట పాడుతూ, ఆడుకుంటున్న వేళ, మీ అరచేతితో భుజం నుంచి బుగ్గ దాకా నిమరండి. తేలికపాటి గిలిగింత కన్నా కొంచెం ఒత్తిడితో నిదానంగా తాకడాన్ని ఇలాంటి పిల్లలు ఎక్కువగా ఒప్పుకుంటారు. ఒకటి రెండు రోజులు అంతే. తర్వాత పెదవి చుట్టూ, ఆపైన పెదవి లోపల బయటి చిగురు మీద. నాలుక మీదికి, అంగిలి మీదికి వేలు పోనివ్వకండి, వాంతి వచ్చే చోట్లు అవి. ఏడుపు మొదలయ్యాక ఆపడం కాదు, ఏడుపు రాకముందే ఆపేయాలి. అయిదు అంకెలు లెక్కపెట్టి తీసేయండి. మీరు ఎప్పుడు ఆపుతారో తనకు తెలుస్తుందన్న నమ్మకం కుదిరితే సగం పని అయినట్టే. పళ్లు వచ్చాయి కాబట్టి పేస్ట్‌ను ఆలస్యం చేయలేం. ఈలోగా తడిగుడ్డ చుట్టిన వేలితో పేస్ట్‌ను పళ్ల ముందు భాగానికి రాసినా చాలు. ఇంకో మెత్తటి బ్రష్ అతని చేతికే ఇవ్వండి, నమలనివ్వండి, పాడైతే మార్చండి. తన చేతిలోని వస్తువుకు తానే యజమాని అని తెలిశాక భయం తగ్గుతుంది. కొన్ని వారాల్లో ఇద్దరు పెద్దలు మోకాళ్లు ఆనించి ఎదురెదురుగా కూర్చుని, బాబు తల ఒకరి ఒడిలో, కాళ్లు మరొకరి నడుముకు అటూ ఇటూ ఉండేలా పడుకోబెట్టి తోమే పద్ధతికి రావచ్చు. పళ్లన్నీ బాగా కనిపిస్తాయి, బాబుకు మీ ముఖమూ కనిపిస్తుంది. గుజ్జు కాని ఏ ఆహారానికైనా వాంతి చేసుకుంటుంటే మాత్రం అది బ్రష్ ఒక్కదాని సమస్య కాదు. పిల్లలకు తినడం నేర్పే థెరపిస్టుకు చూపించండి.

తిండి విషయంలో మీకు రెండు వైపుల నుంచి విరుద్ధమైన సలహాలు వస్తాయి. బరువు పెరగాలి కాబట్టి కొంచెం కొంచెంగా తరచూ పెట్టమని పిల్లల డాక్టరు అంటారు. ఊరికే పెట్టకండి, రాత్రి పాలు మానిపించండి అని దంతవైద్యుడు అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. బరువు ఇంకా వెనకబడి ఉన్న బిడ్డకు రాత్రి పాలు ఉన్నపళంగా ఆపమని నేను చెప్పను, ముందు పిల్లల డాక్టరుతో మాట్లాడండి. అప్పటివరకు తాగుతూ తాగుతూ నోట్లో పాలతోనే నిద్రపోనివ్వకండి, బాటిల్ నోట్లో ఉంచేసి వెళ్లకండి, పాలలో చక్కెర కలపకండి. తాగాక తడిగుడ్డతో పళ్లు ఒకసారి తుడవండి. మందుల సిరప్‌లలో చాలావాటిలో చక్కెర ఉంటుంది. చక్కెర లేని రకం ఉందేమో అడగండి, పడుకునే ముందు కాకుండా భోజనంతో ఇవ్వండి. ఊపిరికి స్టెరాయిడ్ పీల్చే మందు వాడుతుంటే ప్రతిసారీ నోరు తుడవండి, నోటిపూత రాకుండా ఉంటుంది. పాలు తరచూ పైకి వస్తుంటే కడుపులోని ఆమ్లం ఎనామెల్‌ను కరిగిస్తుంది. కక్కిన వెంటనే తోమకుండా నోరు నీళ్లతో తుడిచి, అరగంట తర్వాత తోమండి.

ఒక హెచ్చరిక. చిగుళ్లకు రాసే తిమ్మిరి జెల్‌లలో బెంజోకైన్ ఉంటే వాడవద్దు. రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని అది ప్రమాదకరంగా తగ్గించగలదు. రెండేళ్లలోపు పిల్లలకు వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. చల్లటి తడిగుడ్డ నమలనిస్తే చాలు.

అంగిలిలో గాడి నోటి గొట్టం వల్లే. మామూలుగా నాలుక పైకి ఆనుతూ అంగిలిని వెడల్పుగా మలుస్తుంది. గొట్టం అక్కడ ఉన్నన్నాళ్లూ నాలుకకు ఆ చోటు దొరకదు. గొట్టం తీశాక నెలలు, ఏళ్ల మీద గాడి చాలావరకు తగ్గుతుంది. కొందరికి అంగిలి ఇరుకుగానే మిగిలి పళ్లు అడ్డంగా కలుస్తాయి. ఏడేళ్ల వయసులో పళ్ల వరస చూసే వైద్యుడికి చూపిస్తే సరిపోతుంది. ఇప్పుడు గాడిలో ఆహారం ఇరుక్కుంటుందేమో చూసి తీసేయండి. పాలు ముక్కులోంచి వస్తుంటే మాత్రం వెంటనే చెప్పండి.

శాశ్వత దంతాల గురించి మీకు కొంత ధైర్యం చెప్పగలను. వాటిలో మొదట ఖనిజం పట్టేవి ఆరేళ్లకు వచ్చే దవడ పళ్లు. నెలలు నిండిన బిడ్డకైనా అది పుట్టే సమయానికే మొదలవుతుంది. పైముందు పళ్లలో మూడు నాలుగు నెలలకు గానీ మొదలుకాదు. మీ బాబు పుట్టిన తొలివారాల్లో వాటి ఎనామెల్ పని ఇంకా ఆరంభమే కాలేదు. కాబట్టి ఇప్పుడున్న గుంట అదే రూపంలో శాశ్వత పన్నుకు రావాలని లేదు. అయితే అనారోగ్యం ఆ తర్వాత నెలల్లోనూ సాగిన పిల్లల్లో ఆరేళ్ల దవడ పళ్లు, ముందు పళ్లు బలహీనమైన ఎనామెల్‌తో రావచ్చు. దానికి ముందుగా ఒక సూచన దొరుకుతుంది. రెండు, రెండున్నరేళ్లకు వచ్చే వెనక దవడ పాలపళ్ల మీద తెలుపు, మీగడ రంగు లేదా గోధుమ రంగు మచ్చలు స్పష్టమైన అంచుతో ఉంటే, ఆరేళ్ల పళ్లకూ అలాంటివి వచ్చే అవకాశం ఎక్కువ. ఆ పళ్లు రాగానే కప్పించుకుంటే విరగకుండా కాపాడుకోవచ్చు.

ఇక మీ తప్పు సంగతి. మీరు కాల్షియం తక్కువ తీసుకోవడం వల్ల పంటికి గుంట పడలేదు. చిగుళ్ల జబ్బుకూ నెలలు నిండకుండా కాన్పు కావడానికీ సంబంధం ఉందని మీరు చదివారు. అలాంటి సంబంధం చాలా అధ్యయనాల్లో కనిపించిన మాట నిజమే. కానీ గర్భంతో ఉన్నప్పుడు చిగుళ్లకు చికిత్స చేసి చూసిన పెద్ద పరీక్షల్లో ముందస్తు కాన్పులు తగ్గలేదు. చికిత్స సురక్షితం, మీ చిగుళ్ల కోసం చేయించుకోండి. అప్పుడు చేయించుకుని ఉంటే బాబు నెలలు నిండి పుట్టేవాడని ఎవరైనా అంటే, దానికి ఆధారం లేదు.

మొదటి పుట్టినరోజు నాటికే దంతవైద్యుడికి చూపించడం మంచిదని పిల్లల దంతవైద్యుల సంఘాలు చెబుతాయి. మీకు కొంచెం ఆలస్యమైంది, ఈ నెలలోనే వెళ్లండి. వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ తీసుకెళ్లండి. గొట్టం ఎన్ని రోజులు ఉంది, ఎముకల పరీక్షలు ఎలా వచ్చాయి, గుండెలో రంధ్రం గానీ మూసుకోని రక్తనాళం గానీ ఉందా, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నాడు అనేవి అందులో ఉంటాయి. వీటిని అడగని దంతవైద్యుడైతే మీరే చెప్పండి. ఈలోగా ఆ గుంట మెత్తబడినా, రంగు ముదిరినా, పన్ను పైన చిగురులో పొక్కు లేదా వాపు కనిపించినా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకండి. ముఖం వాచి జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.